కనపడని పులినీ లెక్కలోకి తెచ్చినాయన గురించి

సంపాదకులు గారికి,

నమస్కారం. జూలై 29న ప్రపంచ పులుల దినోత్సవం సందర్భంగా మీ పత్రిక వేసిన ప్రత్యేక పేజీని రెండుసార్లు చదివాను. అందులో రెండు విషయాల గురించి మీకు రాయకుండా ఉండలేకపోతున్నాను. ఒకటి, తెలంగాణలో పులులు ‘26 నుంచి 21కి పడిపోయాయి’ అని పెద్ద అక్షరాల్లో పెట్టిన శీర్షిక. రెండోది, పేజీ అడుగున చిన్న గళ్లలో పులుల శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ గారి గురించి వేసిన నాలుగు వాక్యాలు. ఆయన పరిశోధన పత్రాలను లోకంలోని శాస్త్రవేత్తలు ఎన్నోసార్లు ఉదహరించారనీ, 2012లో పద్మశ్రీ అందుకున్నారనీ రాసి అంతటితో వదిలేశారు. అంచనాను కచ్చితమైన లెక్కగా చూపడమనే ఆ శీర్షిక పొరపాటు ఏదైతే ఉందో, దాన్ని దిద్దడానికే ఆయన ముప్పై ఏళ్ల పైన అడవిలో గడిపారు. రెండూ ఒకే పేజీలో పక్కపక్కన పడ్డాయి. ఒకదాని సంగతి ఒకదానికి తెలిసినట్టు లేదు.

నేను శాస్త్రవేత్తను కాను. 1981లో ఫారెస్ట్ గార్డుగా చేరి, 2015లో డిప్యూటీ రేంజ్ ఆఫీసరుగా పదవీ విరమణ చేశాను. సర్వీసులో ఎక్కువ భాగం కృష్ణకు రెండు ఒడ్డులా నల్లమలలోనే గడిచింది. ఇప్పుడు వనస్థలిపురంలో, హరిణ వనస్థలి గోడకు దగ్గర్లో ఉంటున్నాను. పొద్దున్నే నెమలి కూత వినపడే ఇల్లు దొరకడం నా అదృష్టం. కారంత్ గారిని నేను ఎన్నడూ కలవలేదు. అయినా ఆయన ప్రభావం ఎంతటిదో చెప్పడానికి నాకు అర్హత ఉందనుకుంటున్నాను, ఎందుకంటే ఆయన తప్పని చూపించిన పద్ధతిలో నేను ఇరవై ఏళ్లకు పైగా పులుల్ని లెక్కపెట్టాను.

ఆ పద్ధతి ఏమిటో ఈ తరం వాళ్లకు తెలియకపోవచ్చు. పులి వెనక ఎడమ కాలి ముద్రను బట్టి ఏ పులికి ఆ పులిని గుర్తుపట్టవచ్చని అప్పటి నమ్మకం. లెక్క రోజులు దగ్గరపడగానే బీటు (ఒక్కో గార్డు చూసుకునే అడవి ముక్క) దారుల్లో రాళ్లు ఏరి, మెత్తటి దుమ్ము పరిచి చదును చేసేవాళ్లం. తెల్లవారుజామున వెళ్లి ముద్ర కనపడితే దాని మీద కాళ్లున్న గాజు పలక పెట్టి, పైనుంచి స్కెచ్ పెన్నుతో గీత గీసి, ఆ గీతను కాగితం మీదికి ఎత్తేవాళ్లం. బాగా పడిన ముద్రలోకి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీసేవాళ్లం. అచ్చులన్నీ రేంజి ఆఫీసుకు చేరాక కొలతలు చూసి, ఇది మగది, ఇది ఆడది, ఇది పిల్ల, ఇది వేరే పులి అని తేల్చేవాళ్లం. ఒడిశాలో ఈ పద్ధతికి రూపమిచ్చిన సరోజ్ రాజ్ చౌదరి గారు అడవిని ప్రాణంగా చూసుకున్న అధికారి. ఖైరీ అనే ఆడపులిని ఇంట్లో పిల్లలా పెంచినాయన. ఆయన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 1972లో దేశమంతా తిరిగి 1827 పులులున్నాయని చెప్పగలిగింది ఈ పద్ధతితోనే. ఆ సంఖ్య చూసి కలవరపడ్డాం కాబట్టే 1973 ఏప్రిల్ 1న ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది.

కానీ 1993 లెక్కప్పుడు నేను చేసిన పని ఒకటి చెప్పాలి. ఏ రేంజో రాయను, అక్కడ నాతో పనిచేసిన వాళ్లు ఇంకా ఉన్నారు.

ఒక వాగు మడుగు దగ్గర తడి ఇసుకలో వెనక ఎడమ కాలి ముద్ర దొరికింది. గాజు పెట్టి గీశాను. అక్కణ్నుంచి రెండు వందల గజాలు పైకి వెళ్తే బండి బాట మీద ఇంకో ముద్ర. గట్టి నేల, పైన పలచగా దుమ్ము. అదీ గీశాను. రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుగుకు చూస్తే సెంటీమీటరుకు పైనే తేడా. నాతో ఒక చెంచు పెద్దాయన ఉన్నాడు, నాకు అడవి నేర్పిన మనిషి. కాగితాల వైపు కన్నెత్తి చూడలేదాయన. వాగు దగ్గరికి మళ్లీ వెళ్లి గొంతుక్కూర్చుని, వేళ్ల మధ్య సందుల్లో పైకి లేచిన ఇసుకను చిటికెన వేలితో చూపించి, ‘‘ఒక్కటే పులి సారూ. ఈడ ఇసక మెత్తగుంది, అడుగు ఇచ్చుకుంది. ఆడ నేల గట్టిది, ముడుసుకుంది’’ అన్నాడు.

ఆయన మాట నిజమని నాకు ఆ క్షణంలోనే తెలుసు. అయినా ఫారంలో రెండు పులులు రాశాను. రాయమని నాకు ఎవరూ చెప్పలేదు. కిందటి లెక్క కంటే తగ్గితే ఎందుకు తగ్గిందో సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుందన్న భయం మాలో అందరికీ ఉండేది, దాన్ని పైకి అనాల్సిన పనే లేకపోయింది. కొలతలు వేరుగా ఉన్నాయి కదా, నియమం ప్రకారం రెండే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ పెద్దాయన వేలిముద్ర వేయడానికి వచ్చి ఫారం వైపు ఒకసారి చూశాడు. ఆయనకు చదువు రాదు. అంకెలు మాత్రం తెలుసు. ఏమీ అనలేదు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

నేను వాగు ఒడ్డున కూర్చుని ఇలా రెండు రాయడానికి ఆరేళ్ల ముందే, 1987లో, కారంత్ గారు దీన్ని పరీక్షకు పెట్టారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. బోనులో ఉన్న నాలుగు పులుల ముద్రలను రకరకాల నేలల మీద తీయించి, పులుల లెక్కలో చేయి తిరిగిన అధికారులకు ఇచ్చి ఇవి ఎన్ని పులులవో చెప్పమన్నారు. ఒక్కరూ నాలుగని చెప్పలేకపోయారు. మా చెంచు పెద్దాయన ఆ గదిలో ఉంటే ఏం చెప్పేవాడో అని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆయనైతే కాగితం మీది గీతను అసలు ముట్టుకునేవాడే కాదు, నేల చూపించమనేవాడు.

తప్పు చూపించడం ఒక ఎత్తు. ఒప్పు ఏమిటో చూపించడానికి ఆ మనిషి పడిన కష్టం ఇంకో ఎత్తు. ఆయన మొదట ఇంజనీరు. దక్షిణ కన్నడ జిల్లా పుత్తూరు వైపు మనిషి, జ్ఞానపీఠం అందుకున్న శివరామ కారంత్ గారి కుమారుడు. సూరత్కల్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ చదివారు. ముప్పై దాటాక ఫ్లోరిడా వెళ్లి 1988లో వన్యప్రాణి శాస్త్రంలో ఎం.ఎస్. చేశారు. తిరిగొచ్చి కర్ణాటకలోని నాగరహొళె అడవిలో కూర్చున్నారు. పులులకు మత్తుమందు ఇచ్చి రేడియో కాలర్లు కట్టి వెంట తిరిగారు. పెంటికలు ఏరి కడిగి, అందులో దొరికిన వెంట్రుకలను బట్టి ఏ జంతువు ఏం తిన్నదో తేల్చారు. అమెరికా శాస్త్రవేత్త మెల్విన్ సన్‌క్విస్ట్‌తో కలిసి 1995లో అచ్చువేసిన ఆ పని నాకు చాలా ఇష్టం. పులి వేటాడే జంతువు బరువు సగటున 90 కిలోలు దాటుతుందనీ, చిరుతకూ, రేసుకుక్క అనే అడవికుక్కకూ అది 40 కిలోల అటూఇటూ ఉంటుందనీ అందులో చూపించారు. ఒకే అడవిలో మూడూ ఎలా బతుకుతున్నాయన్న ప్రశ్నకు పెంటికల్లోంచి జవాబు తీసిన పని అది.

ఇక అసలు సంగతికి వస్తాను. దీన్ని అర్థం చేసుకోవడానికి నాకు మా మనవరాలు కావలసివచ్చింది. ఉస్మానియాలో జువాలజీ ఎం.ఎస్సీ. చదువుతోంది. ఓ ఆదివారం నేను, ‘‘కెమెరాకు చిక్కిన పులులను లెక్కపెడతారు సరే, చిక్కని వాటి సంగతేమిటమ్మా’’ అని అడిగితే, ‘‘ఉండు తాతయ్యా’’ అని వంటింట్లోకి వెళ్లి వాళ్ల అమ్మమ్మ దాచుకున్న చింతగింజల డబ్బా తెచ్చింది. డబ్బాలోంచి 40 గింజలు తీసి, ఒక్కో దానికి సున్నం చుక్క పెట్టి, ఆరనిచ్చి, మళ్లీ డబ్బాలో పోసి బాగా కుదిపింది. ‘‘ఇప్పుడు చూడకుండా 40 తియ్యి’’ అంది. తీశాను. అందులో ఎనిమిదింటికి సున్నం ఉంది. ‘‘అంటే నీ చేతికి వచ్చినవాటిలో అయిదో వంతు మనం ఇంతకుముందు పట్టుకున్నవి. కాబట్టి మనం మొదట పట్టుకున్న 40 కూడా డబ్బా మొత్తంలో ఇంచుమించు అయిదో వంతే అయ్యుండాలి. డబ్బాలో 200 ఉన్నాయి’’ అంది. కింద పోసి ఇద్దరం కూర్చుని లెక్కపెట్టాం. 187 వచ్చాయి.

ఆ గింజలు లెక్కపెడుతున్నప్పుడు నా ఒళ్లు ఝల్లుమంది. చేతికి రాని గింజ గురించి చేతికి వచ్చిన గింజ చెబుతోంది. చెరువుల్లో చేపలకూ, కాలికి ఉంగరం వేసి వదిలే పక్షులకూ ఈ లెక్క ఎప్పటినుంచో ఉన్నదే. పులికి సున్నం చుక్క ఎవరు పెడతారు? పెట్టే పనే లేదని కారంత్ గారు చూశారు. పులి చారలు మన వేలిముద్రల్లాంటివి, ఒకదానివి ఇంకోదానికి ఉండవు, వయసుతో మారవు. దారికి రెండు వైపులా కెమెరాలు పెట్టి ఎడమ పక్క, కుడి పక్క ఫొటోలు తీస్తే ఆ పులి పట్టుబడినట్టే. మళ్లీ ఇంకోచోట అవే చారలు కనపడితే రెండోసారి పట్టుబడినట్టు. 1995లో నాగరహొళె పులులతో ఇది చేసి చూపించారు. ఈ రకం లెక్కల్లో ఆరితేరిన అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ నికోల్స్‌తో కలిసి 1998లో నాగరహొళె, కన్హా, పెంచ్, కజిరంగ అనే నాలుగు అడవుల లెక్కలూ ప్రకటించారు. వంద చదరపు కిలోమీటర్లకు కజిరంగలో 16.8 పులులు, పెంచ్‌లో 4.1. పక్కనే పొరపాటు ఎంత ఉండవచ్చో కూడా రాశారు. తర్వాత చిరుతలకూ, మంచు చిరుతలకూ, దక్షిణ అమెరికా జాగ్వార్లకూ, ఒంటి మీద గుర్తున్న ఎన్నో జంతువులకూ లోకమంతా ఇదే దారి పట్టింది. ఉదహరింపుల సంఖ్య వెనక ఉన్నది ఇదీ.

ఇక మా సంగతి. కొన్నేళ్లకు మాకూ కెమెరా ట్రాపుల (ఎదుట ఏదైనా కదిలితే తానే ఫొటో తీసే కెమెరాల) శిక్షణ ఇచ్చారు. మోకాలి ఎత్తున చెట్టుకు బిగించాలి, ఎదురెదురు ఫ్లాష్‌లు ఒకదాని కళ్లలో ఒకటి పడకుండా కాస్త పక్కకు జరపాలి, ఎదుట ఉన్న గడ్డి కోసెయ్యాలి, లేకపోతే గాలికి ఊగిన ప్రతిసారీ ఫొటో పడి కార్డు నిండిపోతుంది. ఎలుగుబంట్లు పీకి పారేసిన కెమెరాలు ఎన్నో. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నేను పులిని కళ్లారా చూసింది చాలా తక్కువసార్లు. ఆ వేసవిలో మెమరీ కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టగానే తెర నిండా ఒక మగపులి. ఎడమ తొడ మీద ఒక చార సున్నాలా చుట్టుకుని, మధ్యలో ఒక చుక్క ఉంది, అచ్చం తెలుగు ‘ఠ’ లాగా. మా కుర్రాళ్లు దానికి ఆ అక్షరమే పేరు పెట్టుకున్నారు. అయిదు వారాల తర్వాత పద్నాలుగు కిలోమీటర్ల అవతల, వేరే బీటులో, వేరే కార్డులో మళ్లీ అదే ‘ఠ’. ఆ రెండో చోట నేల ఇసుక నేల. పాత రోజులైతే మేము ఆ రెండు బీటుల్లో రెండు పులులు రాసి ఉండేవాళ్లం. అది రాయనక్కర్లేకుండా పోయిన రోజు నాకు కలిగిన తేలికను ఏ పరిశోధన పత్రమైనా లెక్కలోకి తీసుకుంటుందో లేదో తెలియదు.

పద్ధతి మారింది ఆయన ఒక్కరి వల్లే అని నేను అనను. 2003లో కారంత్, నికోల్స్, జాన్‌సింగ్, ఇంకా కొందరు శాస్త్రవేత్తలు కలిసి పాదముద్రల లెక్కకు శాస్త్రీయ ఆధారం లేదని గట్టిగా రాశారు. రాసిన వెంటనే ఎవరూ కదల్లేదు. రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితాల మీద పులులు ఉండగానే అడవిలో ఒక్కటీ లేదని 2005లో బయటపడ్డాక గానీ దేశం ఉలిక్కిపడలేదు. ఆ తర్వాత 2006 నుంచి కెమెరాల లెక్క వచ్చింది. అంతకుముందు 2001-02 పాదముద్రల లెక్కలో 3642 ఉన్న పులులు కొత్త లెక్కలో 1411 అయ్యాయి. ఆ రెండు సంఖ్యల మధ్య తేడాలో వేటగాళ్లు చంపినవి ఎన్నో, నాలాంటి వాళ్లు కాగితం మీద పుట్టించినవి ఎన్నో. నా వాటా కనీసం ఒకటి.

దేశమంతటికీ కలిపి ప్రభుత్వం వేసే అంచనాల పద్ధతితోనూ కారంత్ గారికి పేచీ ఉంది. ఆ వాదన తేల్చే చదువు నాకు లేదు. కానీ తన పద్ధతిని సర్కారే అందుకున్నాక కూడా, అది సరిగ్గా జరగడం లేదనిపిస్తే ఊరుకోని మనిషి మీద నాకు గౌరవం పెరిగింది. ఆయన చొరవతో 2004లో బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో మొదలైన వన్యప్రాణి శాస్త్రం ఎం.ఎస్సీ. చదివిన పిల్లలు ఇవాళ ఎన్నో అడవుల్లో పని చేస్తున్నారు. మా మనవరాలి కన్నూ దాని మీదే ఉంది.

ఇంకో సంగతి మీ పేజీలో అసలు లేదు: దుప్పులు. ఒక పులి ఏడాదికి ఇంచుమించు యాభై పెద్ద జంతువులను తింటుంది. ఉన్నవాటిలో పదో వంతుకు మించి తింటే మంద నిలవదు. అంటే ఒక్క పులి బతకాలంటే అయిదు వందల దుప్పులు, కణుజులు, అడవిపందులు ఉండాలి. 2004లో కారంత్ గారి బృందం దేశంలోని వేర్వేరు అడవుల లెక్కలు పక్కపక్కన పెట్టి, పులులు ఎన్ని ఉంటాయన్నది తిండిని బట్టే ఉంటుందని చూపించింది. ఇది తెలిశాక నా ఉద్యోగమే నాకు వేరేగా కనపడింది. తుపాకీ పట్టిన వేటగాడి కోసం రాత్రుళ్లు కాపలా కాసిన మేము, క్లచ్ వైరు ఉచ్చుల్లో పడి పోయే దుప్పిని చిన్న కేసుగా చూశాం. ఎండు అడవి అయిన నల్లమలలో దుప్పి ఒక్కటి పోవడమంటే ఏమిటో ఆ రోజు నాకు అర్థం కాలేదు. సర్వీసు చివరి ఏళ్లలో బీటులో ఉచ్చులు ఏరడమే పొద్దున మొదటి పనిగా పెట్టుకున్నాను. ఒక్కోసారి గోనెసంచి సగం నిండేది.

ఇప్పుడు మీ శీర్షిక దగ్గరికి. 2018లో 26, 2022లో 21 అన్నవి తలలు లెక్కపెట్టి వేసినవి కావు, అంచనాలు. ప్రతి అంచనాకూ కింద ఒక హద్దు, పైన ఒక హద్దు ఉంటాయి. దేశం మొత్తానికి 2018లో 2967 అన్నప్పుడు అది 2603 నుంచి 3346 వరకు ఎంతైనా కావచ్చని అదే నివేదికలో ఉంది. 2022కు సగటు 3682, పై హద్దు 3925. ఇక కొన్ని పదుల పులులే ఉన్నచోట, మహారాష్ట్ర వైపునుంచి ప్రాణహిత దాటి వచ్చి వెళ్లే పులులు కూడా ఉన్నచోట, అయిదు పులుల తేడా మీద ‘పడిపోయాయి’ అని రాస్తే ఎలా? పడిపోయి ఉండవచ్చు కూడా. కాదని నేను అనను. కానీ ఆ మాట అనడానికి ఆ ఒక్క అంకె చాలదు. ఆ అంకె చదివిన పై అధికారి కింది వాడిని ఎందుకు తగ్గాయని నిలదీస్తే, నేను 1993లో వాగు ఒడ్డున రాసినట్టే ఇంకో కుర్రాడు ఎక్కడో ఏదో రాస్తాడు. కెమెరా ఉంది కదా, అలా జరగదంటారేమో. కెమెరా ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది మనిషే.

అందుకని నా విన్నపాలు మూడే. ఈసారి పులుల లెక్క వచ్చినప్పుడు అంకెతో పాటు దాని హద్దులు కూడా అచ్చు వేయండి, కింద చిన్న అక్షరాల్లో కాదు, శీర్షిక పక్కన. అలాగే పులుల సంఖ్య పక్కనే ఆ అడవిలో దుప్పుల సంగతి ఏమిటో అడిగి రాయండి. కారంత్ గారి గురించి మళ్లీ రాసేటప్పుడు ఆయన చింతగింజల లెక్కను పులికి ఎలా తెచ్చారో పాఠకులకు చెప్పండి. మా మనవరాలు నాకు చెప్పినంత సులువుగా చెప్పవచ్చు. మీ విలేకరి ఎవరైనా వనస్థలిపురం వైపు వస్తే ఆదివారం పొద్దున రమ్మనండి, ఆ పిల్ల ఇంట్లోనే ఉంటుంది. సున్నం చుక్కలున్న గింజలు ఆ డబ్బాలోనే ఉన్నాయి. నా పాత గాజు పలక కూడా దాచాను, 1993 నాటి పెన్ను మరక ఒకటి ఒక మూల ఇంకా పోలేదు.

భవదీయుడు,
ఒక విశ్రాంత అటవీ ఉద్యోగి,
వనస్థలిపురం, హైదరాబాద్